తల ఎత్తకు

పదకొండు దాటింది. ఇంట్లో అందరూ పడుకున్నారు, హాల్లో కూలర్ చప్పుడు ఒక్కటే. పొద్దున గోల్ఫ్ ప్రాక్టీస్ రేంజ్‌లో విన్న ఒక మాట రోజంతా చెవిలో జోరీగలా తిరుగుతూనే ఉంది. రాసి పడేస్తే గాని నిద్ర పట్టేలా లేదు.

"తల ఎత్తకు బాబూ, తల ఎత్తకు! బంతినే చూడు."

ఆ పిల్లాడికి పాతికేళ్ళుంటాయి. సెవెన్ ఐరన్ అనే క్లబ్ (బంతి కొట్టే కర్ర) పట్టుకుని వరసగా టాప్ కొడుతున్నాడు, అంటే బంతి పైభాగానికి తగిలిస్తున్నాడు. బంతి గాల్లోకి లేవడం లేదు, నేల మీద పాక్కుంటూ యాభై గజాలు పోయి ఆగిపోతోంది. పక్కన ఆడుతున్న పెద్దాయన వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డారు. పిల్లాడు "సరే అంకుల్" అని గడ్డాన్ని ఛాతీకి ఆనించుకుని మళ్ళీ కొట్టాడు. మళ్ళీ టాపే. "చూశావా, మళ్ళీ ఎత్తేశావు!"

ఎత్తలేదు. తల మేకు కొట్టినట్టు అక్కడే ఉంది. పైకి లేచింది నడుము, ముడుచుకున్నది ఎడమ మోచెయ్యి. కళ్ళెదుట జరిగింది ఒకటి, చెప్పింది ఇంకొకటి. అదీ నా బాధ.

ఈ ఆటలో ఇంత ఉచితంగా, ఇంత ఉదారంగా పంచే తప్పుడు సలహా ఇంకొకటి లేదు. లెక్క చూడండి. బంతి వ్యాసం 42.67 మిల్లీమీటర్లకు తగ్గకూడదని రూలు. అంటే నేల మీదున్న బంతికి నడుము దాదాపు 21 మిల్లీమీటర్ల ఎత్తులో ఉంటుంది. క్లబ్ కింది అంచు అంతకంటే పైన తగిలిందా, బంతి పాకుతుంది. మొత్తం తేడా అంగుళం కూడా లేదు. ఆ అంగుళం ఎక్కణ్ణుంచి వస్తుందన్నదే అసలు ప్రశ్న. నూటికి తొంభైసార్లు తల నుంచి రాదు. బరువు కుడికాలి మీదే ఉండిపోతే స్వింగ్‌లో అట్టడుగు బిందువు బంతికి వెనకే పడుతుంది, బంతి దగ్గరికొచ్చేసరికి క్లబ్ అప్పటికే పైకి లేస్తూ ఉంటుంది. బంతిని గరిటెతో తీసినట్టు లేపబోతే మోచేతులు మడుచుకుంటాయి, చేతి పొడవు తగ్గిపోతుంది. తుంటి బంతి వైపుకి తోసుకొస్తే వెన్ను నిటారై ఒళ్ళంతా లేస్తుంది. దాంతోపాటే తలా లేస్తుంది, పాపం. చూసేవాళ్ళకి కనపడేది తల ఒక్కటే కాబట్టి నేరం దాని మీద పడుతుంది. తల లేవడం జ్వరం లాంటిది. రోగం వేరే చోట ఉంది.

నమ్మకపోతే స్వీడన్ గోల్ఫర్ ఆనికా సోరెన్‌స్టామ్ స్వింగ్ పాత వీడియో తీసి చూడండి. క్లబ్ బంతికి తగిలే వేళకే ఆమె ముఖం లక్ష్యం వైపు తిరిగిపోయి ఉంటుంది. అమెరికా ఆటగాడు డేవిడ్ డువాల్ కూడా అంతే. 2001లో ఫీనిక్స్‌లో ఎల్‌పీజీఏ (మహిళల ప్రొఫెషనల్ టూర్) టోర్నమెంట్‌లో ఒక రౌండ్ 59 కొట్టింది, అంటే పద్దెనిమిది హోల్స్ 59 దెబ్బల్లో ముగించింది ఆనికా. 1999లో మగవాళ్ళ పీజీఏ టూర్‌లో ఆఖరి రౌండ్ 59 కొట్టి, అదీ చివరి హోల్‌లో ఈగిల్‌తో (పార్, అంటే ఆ హోల్‌కి నిర్ణయించిన దెబ్బల కంటే రెండు తక్కువతో) ముగించి, గెలిచింది డువాల్. ఆనికాకి ఎల్‌పీజీఏలో 72 విజయాలు. తల తిప్పడమే తప్పయితే వాళ్ళిద్దరి బంతులూ పాకాలి కదా. అందరూ వాళ్ళలా కొట్టాలనడం లేదు. తలనీ తప్పునీ ఒక ముడి వేయకండి అంటున్నానంతే.

పైగా ఈ సలహా పనికిరానిదై ఊరుకోదు, చెడు కూడా చేస్తుంది. గడ్డం ఛాతీకి ఆనించి బిగించేస్తే కుడి భుజానికి కిందుగా దూరిపోయే దారి ఉండదు. భుజం ఆగితే ఛాతీ తిరగదు, ఛాతీ తిరగకపోతే బరువు ఎడమకాలి మీదకు రాదు. ఏ టాప్‌కి మందు వేశారో ఆ టాపే ఇంకా పెరుగుతుంది. యాభై దాటినవాళ్ళకయితే మెడా నడుమూ పట్టేస్తాయి. గడ్డం కింద పిడికిలంత ఖాళీ ఉంచమని మొదటి రోజే చెప్పాలి. ఎవరూ చెప్పరు.

అంటే మరి ఆ పిల్లాడికి ఏం చెప్పాలి? ఒక్కటే. బంతి లేకుండా ఊపు, క్లబ్ గడ్డిని ఎక్కడ రాస్తోందో చూసుకో. బంతి ఉన్న చోటుకి వెనక రాస్తోందా, ముందు రాస్తోందా? మంచి ఆటగాళ్ళకి ఐరన్‌తో ఆ అట్టడుగు బిందువు బంతికి నాలుగంగుళాలు ముందు పడుతుంది. ముందు బంతి, తర్వాత మట్టి. ఇదొక్కటి ఒంటికి తెలిస్తే తల తన సంగతి తను చూసుకుంటుంది.

కానీ అక్కడ గడ్డెక్కడిది? ప్లాస్టిక్ మ్యాట్. ఈ మ్యాట్ల మీద నాకెంత కోపమో నా రాతలు చదివేవాళ్ళకి తెలుసు, మళ్ళీ మొదలెట్టను. ఒక్క ముక్క చెప్తాను. బంతికి రెండంగుళాలు వెనక నేలకి తగిలినా మ్యాట్ మీద క్లబ్ జారుకుంటూ వెళ్ళి బంతిని లేపేస్తుంది, కొట్టినవాడు బాగా కొట్టాననే అనుకుంటాడు. అదే దెబ్బ మన హైదరాబాద్ కోర్సుల్లో మార్చి తర్వాత గట్టిపడ్డ నేల మీద కొడితే క్లబ్ ఎగిరి బంతి నడుముకి తగులుతుంది. రేంజ్‌లో కొట్టినవాణ్ణి కోర్సులో ఏమైందని నిందిస్తాం. నేల నిజం చెప్పింది, మ్యాట్ చెప్పలేదు, అంతే తేడా.

ఇక్కడే నా పాత మాట ఒకటి కొంచెం వెనక్కి తీసుకోవాలి. సామాన్ల మీద డబ్బు తగలేయొద్దని ఎన్నిసార్లు రాశానో లెక్కలేదు. కొత్త డ్రైవర్ల (దూరం కొట్టే పెద్ద క్లబ్‌ల) విషయంలో ఇప్పటికీ అదే మాట. కానీ ఆ పిల్లాడి చేతిలో క్లబ్ చూశాను, ఎవరో ఇచ్చిన పాత సెట్టు. గ్రిప్, అంటే పట్టుకునే చోట ఉండే రబ్బరు తొడుగు, నున్నగా, నల్లగా, అద్దంలా మెరుస్తోంది. అలాంటి గ్రిప్ చేతిలో జారుతుంది. జారుతుందని పిడికిలి బిగిస్తాం, పిడికిలి బిగిస్తే ముంజేతులు బిగుస్తాయి, మోచెయ్యి మడుచుకుంటుంది. మళ్ళీ అదే అంగుళం. కాబట్టి సామానుకి సంబంధం లేదనడం నాదే తప్పు. అందులో అతి చవకైన భాగానికే అన్నిటికంటే ఎక్కువ సంబంధం ఉంది.

ముందు కడగండి. గోరువెచ్చటి నీళ్ళు, రెండు చుక్కలు గిన్నెలు తోమే లిక్విడ్, పాత టూత్‌బ్రష్, తుడిచి నీడలో ఆరబెట్టడం. కడిగినా మెరుస్తుంటే మార్చేయాల్సిందే, ఇంట్లోనే అయిపోతుంది. కొక్కెం బ్లేడుతో మీ ఒంటికి ఎదురుగా కాకుండా అవతలి వైపుకి కోసి పాతది ఒలిచేయండి. పాత టేపు జిగురంతా గీకేయండి, ఒక్క ముక్క మిగిలినా చేతికి గుబ్బలా తగులుతుంది. రెండు వైపులా అంటుకునే టేపు చుట్టి, చివర అరంగుళం మడిచి గొట్టంలోకి తోయండి. కొత్త గ్రిప్ చివరి కన్నాన్ని టీతో (బంతిని నిలబెట్టే చిన్న పుల్లతో) మూసి లోపల సాల్వెంట్ పోయండి, అటూ ఇటూ ఊపి ఆ మిగులు టేపు మీద ఒంపండి. ఇక ఆలోచించకుండా ఒక్క ఊపులో చివరిదాకా తోసేయాలి. సగంలో ఆగితే అక్కడే పట్టేస్తుంది, మళ్ళీ కోసి పారేయడమే. ఎక్కువ మంది పాడుచేసుకునేది ఇక్కడే. గ్రిప్ మీది గీతని క్లబ్ ముఖానికి సరిచూసి, ఒక రాత్రి వదిలేయండి.

వెడ్జ్‌ల (దగ్గరి నుంచి బంతిని ఎత్తుగా లేపే క్లబ్‌ల) సంగతీ ఇలాంటిదే, క్లుప్తంగా చెప్తాను. షాపులో అరవై డిగ్రీలా యాభైయారా అని అడుగుతారు, బౌన్స్ (క్లబ్ అడుగు భాగం నేలకి చేసే కోణం) ఎంతని ఎవరూ అడగరు. ఎండిన గట్టి నేలకి నాలుగు నుంచి ఆరు డిగ్రీల బౌన్స్, వానాకాలం మెత్తటి నేలకీ మెత్తటి ఇసుకకీ పది దాటింది. గట్టి నేల మీద పన్నెండు డిగ్రీల బౌన్స్‌తో చిప్ (దగ్గరి నుంచి చిన్న షాట్) చేయబోతే క్లబ్ ఎగిరి బంతి నెత్తిన తగులుతుంది. అప్పుడూ అంటారు, "తల ఎత్తావ్" అని!

పాఠాల మాట కూడా ఉంది. ఎవరైనా కోచ్ దగ్గరికి వెళ్ళొచ్చు కదా అంటారు. వెళ్ళాలి కూడా. కానీ ముప్పావుగంటలో గ్రిప్పు, స్టాన్సు, మణికట్టు, తుంటి, ఫాలో త్రూ అని ఐదు చెప్పే కోచ్ కంటే ఏమీ చెప్పని క్యాడీ (బ్యాగ్ మోసేవాడు) మేలు. ఒక క్లాసుకి ఒక్క మార్పు. తర్వాత వారం రోజులు దాని మీదే, అందులోనూ సగం బంతులు సగం స్వింగ్‌తోనే. యాభై బంతుల డబ్బా ఇరవై నిమిషాల్లో ఖాళీ చేసేవాళ్ళు నేర్చుకోవడం లేదు, చెమట పడుతున్నారు.

ఆటలో పదో రూలు ప్రకారం పోటీ రౌండ్‌లో తోటి పోటీదారుకి సలహా ఇస్తే రెండు స్ట్రోకుల పెనాల్టీ. ఆ రూలు రేంజ్‌కి కూడా ఉండాలని పొద్దున్నంతా అనుకున్నాను.

ఇంతవరకూ రాసి మంచినీళ్ళు తాగొచ్చాను. ఇప్పుడు కొంచెం వేరేగా అనిపిస్తోంది.

ఎందుకంటే గ్రీన్ మీద, అంటే కప్పు చుట్టూ ఉండే నున్నటి గడ్డి మీద, ఆ పెద్దాయన మాట అక్షరాలా నిజం. కప్పు వెడల్పు 108 మిల్లీమీటర్లు, అంటే మధ్య నుంచి అంచుకి 54. పదడుగుల పుట్‌లో (గ్రీన్ మీద బంతిని కప్పులోకి దొర్లించే దెబ్బలో) బంతి ఒక్క డిగ్రీ పక్కకి బయలుదేరితే కప్పు దగ్గరికి చేరేసరికి 53 మిల్లీమీటర్లు తప్పుతుంది. ఒక్క డిగ్రీకే బంతి కప్పు అంచు మీద ఉంటుంది. బంతి ఎటు పోయిందో చూద్దామని తల తిప్పితే భుజాలు తెరుచుకుంటాయి, పుట్టర్ ముఖం దాంతోపాటే తిరుగుతుంది. ఆ డిగ్రీ అక్కడే పోతుంది. మూడడుగుల పుట్ పోగొట్టుకునేవాళ్ళలో చాలామంది కొట్టకముందే కప్పు వైపు చూసేసినవాళ్ళే. బంతి పడిందీ లేనిదీ చెవితో తెలుసుకోవాలి, కంటితో కాదు.

పుట్ అనగానే నా మనసు ఎప్పుడూ ఒకే పొద్దుటికి పోతుంది. 2021 ఆగస్టు 7, శనివారం. తెల్లవారకముందే ఇళ్ళల్లో టీవీలు వెలిగిన రోజు. టోక్యో ఒలింపిక్స్, కసుమిగసెకి కోర్సు, ఆఖరి రౌండ్. బెంగుళూరు అమ్మాయి అదితి అశోక్ రెండో స్థానంలో ఉంది, అమెరికా అమ్మాయి నెల్లీ కోర్డాకి మూడు స్ట్రోకులు (దెబ్బలు) వెనక. ప్రపంచ ర్యాంకు రెండొందలు. అంతకుముందే కోవిడ్ వచ్చి ఒంట్లో సత్తువ తగ్గింది, డ్రైవ్‌లు (హోల్ మొదట్లో కొట్టే దూరపు దెబ్బలు) తోటివాళ్ళకంటే పదుల గజాలు వెనకే పడుతున్నాయి. బ్యాగ్ మోస్తున్నది కన్నతల్లి. దూరం లేని మనిషి అంత పైన ఎలా ఉందంటే చిప్పింగ్, పుట్టింగ్. చాలా హోల్స్‌లో తోటివాళ్ళకంటే వెనక నుంచి రెండో షాట్ కొట్టడం, గ్రీన్ మీద లెక్క సరిచేయడం. గోల్ఫ్ అంటే ఏమిటో తెలియనివాళ్ళు పార్ అంటే ఏంటి, బర్డీ అంటే ఏంటి అని ఒకరికొకరు ఫోన్లు చేసుకున్నారు. చివరి హోల్స్ మిగిలుండగా ఉరుములొచ్చి ఆట ఆపేశారు. ఆ కాసేపు దేశం మొత్తం కిటికీలోంచి చూస్తున్నట్టు కూర్చుంది. మళ్ళీ మొదలైంది. పద్దెనిమిదో గ్రీన్ మీద పొడవైన బర్డీ (పార్ కంటే ఒకటి తక్కువ) పుట్. పడితే పతకం కోసం ప్లేఆఫ్. పడలేదు. 67, 66, 68, 68. మొత్తం 269, పార్ కంటే పదిహేను తక్కువ, నాలుగో స్థానం. పతకానికి ఒక్క స్ట్రోకు. ఆ సాయంత్రమే నీరజ్ చోప్రా ఈటె విసిరి బంగారం తెచ్చాడు, పొద్దుటిది జనం మర్చిపోయారు. నేను మర్చిపోలేదు. స్వభావం, నిగ్రహం అని గోల్ఫ్‌లో ఏవేవో మాట్లాడతాం కదా, ఆ నాలుగు రోజులూ ఆమె నడక చూస్తే చాలు. పుట్ పడినా పడకపోయినా తర్వాతి టీ (హోల్ మొదలయ్యే చోటు) దగ్గరికి అదే నడక.

అదే, ఆ పెద్దాయన సంగతి. పుట్‌కి సరైన మందుని పూర్తి స్వింగ్‌కి ఇచ్చారు. ఆయనకీ ఎవరో అలాగే చెప్పి ఉంటారు, ఆయన పుట్టింగ్ బాగుపడి ఉంటుంది, నమ్మకం కుదిరి ఉంటుంది. నిజానికి ఆయన పుట్టింగ్ ఆ గ్రీన్ మీద అందరికంటే నికరం. పైగా ఆ పిల్లాడి పక్కన పావుగంట నిలబడింది ఆయనే, దూరం నుంచి చూస్తూ పళ్ళు కొరుక్కున్నది నేను. పెనాల్టీ మాట వెనక్కి తీసుకుంటున్నాను.

ఒకటి చెప్పడం మర్చిపోయాను. డబ్బాలో ఆఖరి బంతి పిల్లాడికి శుభ్రంగా తగిలింది. ఠక్ మని ఆ చప్పుడే వేరు. అలసిపోయి చేతులు వదులైనందుకే తగిలింది.

రేపు మ్యాట్ల వైపు కాదు, అవతల చివర్న గడ్డి టీ ఉంది, తోటమాలిని అడిగితే ఒక మూల వాడుకోనిస్తాడు. వంటింటి గట్టు కింద ముగ్గుపిండి డబ్బా ఉంది, పొద్దున్నే ఇంట్లోవాళ్ళు లేవకముందే ఒక గుప్పెడు కవర్లో పోసుకోవాలి. స్వింగ్‌కి అడ్డంగా, గడ్డి మీద రెండు గజాల గీత. గీత మీద బంతి పెట్టకుండానే పది ఊపులు, ఒక్కో ఊపుకి అరడుగు పక్కకి జరుగుతూ. డివట్ (క్లబ్ తగిలి మట్టి లేచిన గుర్తు) గీత దగ్గర మొదలై లక్ష్యం వైపుకి పోవాలి. గీతకి వెనక మట్టి లేచిందంటే బరువు ఇంకా కుడికాలి మీదే ఉంది. పిల్లాడు వస్తే గీత చూపిస్తాను. పెద్దాయన్ని కూడా పిలవాలి, అయిపోయాక ఇద్దరం ఆయన దగ్గర మూడడుగుల పుట్‌లు నేర్చుకుంటాం. అలారం ఐదుకి పెట్టాను.