జెరార్డ్ బ్రెన్నన్ కూర్చున్న కోర్టులో

కాన్‌బెర్రా వెళ్లినవాళ్లు ఎక్కువగా పార్లమెంటు, యుద్ధ స్మారకం చూసి వచ్చేస్తారు. నేను వెళ్లింది మాత్రం హైకోర్టు కోసం. ఆస్ట్రేలియాలో అన్నిటికన్నా పై కోర్టు అదే, మన సుప్రీంకోర్టు లాంటిది. బర్లీ గ్రిఫిన్ సరస్సు పక్కనే ఉంది. కాంక్రీటుతో, అద్దాలతో కట్టిన ఎత్తయిన భవనం. 1980లో ఎలిజబెత్ రాణి ప్రారంభించారు.

టికెట్ లేదు. బ్యాగు తనిఖీ చేసి పంపించారు. ఆ రోజు విచారణ జరుగుతోంది. కోర్టు హాల్లోకి అడుగుపెట్టేటప్పుడు జడ్జీల వైపు తల వంచాలని అక్కడి ఉద్యోగి మెల్లగా చెప్పారు. లాయరు రెండు మాటలు చెప్పేలోపే బెంచి మీద నుంచి ప్రశ్న వస్తోంది. వాదన సగం నా తలకెక్కలేదు. అయినా లేవబుద్ధి కాలేదు. ఆదివాసీల భూమి హక్కును ఒప్పుకున్న తీర్పు రాసిన జెరార్డ్ బ్రెన్నన్ 1981 నుంచి 17 ఏళ్లు జడ్జీగా ఉన్నది ఈ కోర్టులోనే.

ఆయన 1928లో క్వీన్స్‌లాండ్‌లోని రాక్‌హాంప్టన్‌లో పుట్టారు. తండ్రి కూడా జడ్జే. బ్రెన్నన్ 1951లో లాయరయ్యారు. 1970లలో ఆదివాసీల భూమి హక్కులపై ప్రభుత్వం వేసిన కమిషన్ ముందు ఆదివాసీల సంస్థ అయిన నార్తర్న్ ల్యాండ్ కౌన్సిల్ తరఫున వాదించారు. భూమికీ ఆ మనుషులకూ ఉన్న బంధం ఎలాంటిదో అప్పుడే దగ్గరగా చూసి ఉంటారని నా నమ్మకం.

1982లో ఆస్ట్రేలియాకు ఉత్తరాన టోరెస్ జలసంధిలో ఉన్న మెర్ అనే చిన్న దీవి నుంచి ఎడ్డీ మాబో, మరో నలుగురు కోర్టుకెక్కారు. తాతల నాటి నుంచి సాగు చేసుకుంటున్న తోటలు తమవేనని వాళ్ల వాదన. అటువైపు క్వీన్స్‌లాండ్ ప్రభుత్వం. కేసు పదేళ్లు సాగింది. 1992 జూన్ 3న ఏడుగురు జడ్జీల్లో ఆరుగురు దీవివాసుల పక్షాన నిలిచారు. ప్రధానమైన తీర్పు రాసింది బ్రెన్నన్. బ్రిటిష్ వాళ్లు అడుగుపెట్టేనాటికి ఈ నేల ఎవరిదీ కాదన్న మాట చెల్లదన్నారు. రాజ్యం మారినంత మాత్రాన అక్కడున్నవాళ్ల భూమి హక్కు దానంతటదే పోదన్నారు. ఆ మాట వినడానికి మాబో లేరు. అదే ఏడాది జనవరిలో క్యాన్సర్‌తో చనిపోయారు. ఇది తలుచుకున్నప్పుడల్లా నాకు కడుపులో దేవినట్టవుతుంది.

అయితే బ్రెన్నన్ ఉద్యమకారుడు కాదు. చట్టానికి ఒక అస్థిపంజరం ఉంటుందనీ, దాన్ని కోర్టు విరగ్గొట్టకూడదనీ ఆ తీర్పులోనే రాశారు. ప్రభుత్వం పట్టాలిచ్చేసిన భూముల మీద పాత హక్కు పోయినట్టేనన్నారు. 1995లో ప్రధాన న్యాయమూర్తి అయ్యాక, 1996 డిసెంబరులో విక్ కేసు తీర్పు వచ్చింది. పశువుల మేతకు లీజుకిచ్చిన భూముల్లో కూడా ఆదివాసీల హక్కు మిగిలి ఉండవచ్చని నలుగురు జడ్జీలు అన్నారు. బ్రెన్నన్ ఒప్పుకోలేదు, మరో ఇద్దరితో కలిసి మైనారిటీలో ఉండిపోయారు. మొదటిసారి చదివినప్పుడు నాకు బాధేసింది. ఇప్పటికీ ఆ నలుగురి మాటే సరైనదనిపిస్తుంది. కానీ తన పాత తీర్పుకు వచ్చిన పేరును చూసుకుని ఆయన మనసు మార్చుకోలేదు. తనకు చట్టం ఎలా కనిపించిందో అలాగే రాశారు. అందుకే ఆయన మీద నాకు గౌరవం ఎక్కువ.

70 ఏళ్లు నిండగానే, 1998 మేలో రిటైరయ్యారు. 2022 జూన్ 1న కన్నుమూశారు. మాబో తీర్పుకు 30 ఏళ్లు నిండడానికి అప్పటికి రెండు రోజులే ఉంది.

కోర్టు నుంచి పాత పార్లమెంటు భవనం దాకా నడిచాను. దాని ఎదుటి పచ్చికలో ఆదివాసీల టెంట్ ఎంబసీ ఉంది. 1972 జనవరి 26న ఒక గొడుగు పాతి మొదలుపెట్టిన నిరసన అది. ‘సావరిన్టీ’ అని గడ్డి మీద పెద్ద పెద్ద అక్షరాలు నిలబెట్టారు. ఈ దేశం మీద సార్వభౌమాధికారం ఎవరిదన్న ప్రశ్నను తమ కోర్టులో తేల్చడం కుదరదని మాబో తీర్పులో బ్రెన్నన్ స్పష్టంగా రాశారు. వీళ్లు అడుగుతున్నది సరిగ్గా ఆ ప్రశ్నే.