నాన్సీ విల్సన్ ఎల్పీలు: ఎనిమిది నెలల లెక్క

జనవరి 12

ఎందుకు మొదలుపెట్టానో ఇవాళే రాసి పెట్టుకుంటే మంచిది, తర్వాత గుర్తుండదు. ఒహాయోలోని కొలంబస్‌కి వచ్చి తొమ్మిదేళ్లయింది. చలికాలం శనివారాల్లో పాత రికార్డుల షాపులు తిరగడం నాకు అలవాటు. ఇవాళ సోల్ (చర్చి పాటల ఊపున్న నల్లవాళ్ల పాప్ సంగీతం) డబ్బాలో నాన్సీ విల్సన్ అనే అమెరికన్ గాయని ఎల్పీ రికార్డు ఒకటి దొరికింది, ఎనిమిది డాలర్లు. పక్క వరసలో జాజ్ డబ్బా చూస్తే అందులోనూ ఆవిడే, పద్నాలుగు డాలర్లు. కింద నేల మీద ‘ఈజీ లిజనింగ్’ అని అట్టముక్క గుచ్చిన చవక డబ్బా ఒకటి ఉంది. మోకాళ్ల మీద కూర్చుని దాన్ని కెలికితే మళ్లీ ఆవిడే, మూడు డాలర్లు. మూడూ కౌంటర్ మీద పెట్టాను. బిల్లు వేసే పెద్దాయన చూసి, ఈవిడ మన ఊళ్లో పెరిగిన మనిషే తెలుసా అన్నాడు.

తెలీదు. ఇంటికొచ్చి చదివాను. 1937 ఫిబ్రవరి 20న చిలికాథీలో పుట్టింది, ఇక్కణ్ణుంచి 23వ నంబర్ రోడ్డు మీద దక్షిణానికి గంట ప్రయాణం. చదువు కొలంబస్ వెస్ట్ హైస్కూల్లో. పదిహేనేళ్లప్పుడు ఇక్కడి టీవీ స్టేషన్ పెట్టిన పోటీలో గెలిస్తే, వారానికి రెండుసార్లు వచ్చే ఒక షోలో పాడే అవకాశం బహుమతిగా ఇచ్చారు. కొన్నాళ్లకి ఆ షో నడిపే పని కూడా ఆ పిల్లకే అప్పజెప్పారు.

ఒకే గొంతుని మూడు డబ్బాల్లో ఎందుకు పెట్టారో వరసగా విని తెలుసుకుందామని అనిపించింది. మొత్తం ఆల్బమ్‌లు 70 దాటాయి, అన్నీ కొనే ప్రసక్తే లేదు. 1960ల్లో క్యాపిటల్ అనే రికార్డు కంపెనీ తెచ్చినవి ముఖ్యంగా, ఆ తర్వాతవి కొన్ని, మొత్తం ఇరవై. ఏదీ పదిహేను డాలర్లు దాటకూడదు. నెలకి నలభై మించకూడదు. రెండో షరతు నాది కాదు, ఇంట్లో పెట్టింది.

జనవరి 19

సామాను సంగతి. టర్న్‌టేబుల్ పాతదే, ఆడియో టెక్నికా ఎల్పీ120. దాని ముల్లు అరిగిపోయింది కాబట్టి వీఎమ్95ఈ రకం కొత్తది వేశాను, యాభై డాలర్ల చిల్లర. ముల్లు రికార్డు మీద మోపే బరువు 2 గ్రాములు ఉండాలి. ముల్లున్న కడ్డీ వెనక ఉండే బరువు మీది అంకెల్ని నమ్మకుండా పది డాలర్ల చిన్న డిజిటల్ త్రాసుతో తూచాను. నాది ఇన్నాళ్లూ 2.6 దగ్గర నడుస్తోందని తేలింది! పాత ముల్లు ఎందుకంత తొందరగా పోయిందో అప్పుడు అర్థమైంది. బరువు తగ్గిస్తే రికార్డుకి మంచిదనుకుంటారు గానీ, మరీ తక్కువైతే ముల్లు గాడిలో ఎగిరెగిరి పడుతుంది, నష్టం ఇంకా ఎక్కువ.

కడగడానికి డిస్టిల్డ్ వాటర్, అందులో రెండు చుక్కలు వాసన లేని గిన్నెల సబ్బు, మెత్తటి బ్రష్. బ్రష్ గాడి తిరిగిన దిక్కులోనే తిప్పాలి, అడ్డంగా కాదు. తర్వాత ఉత్త డిస్టిల్డ్ వాటర్‌తో రెండుసార్లు కడగాలి, సబ్బు మిగిలితే చిటపటలు ఇంకా పెరుగుతాయి. మధ్యలో పది సెంటీమీటర్ల కాగితం లేబుల్ ఉంటుంది, అది తడిస్తే పోయినట్టే. నాకు పోపుల డబ్బా లోపలి గిన్నె సరిగ్గా సరిపోయింది. బోర్లించి అదిమి పట్టుకుంటున్నాను. దీనిమీద ఇంట్లో చిన్న చర్చ జరిగింది, ఇప్పుడు ఆ గిన్నె నాదే.

ఫిబ్రవరి 2

మొదటి ఆల్బమ్ ‘లైక్ ఇన్ లవ్’, 1960. ఆర్కెస్ట్రా నడిపింది బిల్లీ మే. ఇత్తడి వాద్యాలు గట్టిగా విరుచుకుపడుతుంటే ఇరవైల్లో ఉన్న అమ్మాయి వాటి మీద స్వారీ చేస్తున్నట్టు ఉంది. బాగుంది, కానీ ఇంకా ముందు తరం గాయకుల నీడ కనిపిస్తోంది. డైనా వాషింగ్టన్ తెలుస్తోంది, లిటిల్ జిమ్మీ స్కాట్ ఇంకా తెలుస్తున్నాడు. స్కాట్‌ది చిన్నప్పుడు వాళ్ల నాన్న తెచ్చిన రికార్డుల్లో విన్న గొంతట.

అదే ఏడాది వచ్చిన ‘సమ్‌థింగ్ వండర్‌ఫుల్’ పెట్టాక కుర్చీలో సర్దుకుని కూర్చున్నాను. అందులో ‘గెస్ హూ ఐ సా టుడే’ అని ఒక పాట. 1952 నాటి ఒక బ్రాడ్‌వే రెవ్యూ (పాటలూ చిన్న నాటికలూ కలిపిన న్యూయార్క్ రంగస్థల ప్రదర్శన) కోసం రాసినది, అప్పటికే పాతది. కథ ఇంతే: ఆఫీసునుంచి ఆలస్యంగా వచ్చిన మొగుడితో పెళ్లాం మాట్లాడుతోంది. రైలు తప్పిపోయిందా, వానలో చిక్కుకున్నావా అని అడుగుతుంది. తను బజారుకెళ్లిన సంగతి, ఒక కఫేలో ఆగిన సంగతి చెబుతుంది. అక్కడ బార్ దగ్గర ఉన్న ఒక జంట, లోకం పట్టకుండా ఎంత ముద్దుగా ఉన్నారో అంటుంది. ఎవరో చెప్పుకో చూద్దాం, అని ఆగుతుంది.

అక్కడ నా ముల్లు గాడి దాటింది. టప్‌మని వెనక్కి, మళ్లీ టప్‌మని వెనక్కి. ఎవర్ని చూసిందో చెప్పే రెండు ముక్కల ముందే! అరిగిపోయిన రికార్డు అంటే ఏమిటో ఒంటికి తెలిసొచ్చింది. రెండుసార్లు కడిగాను. లాభం లేదు.

చివరి మాట ఏమిటో ఫోన్లో విని తెలుసుకున్నాను. కానీ నాకు కావలసింది ఆ మాట కాదు, దానికి ముందు ఆవిడ ఎలా నడిచిందన్నది. గొంతు పెంచదు. ఏడుపు లేదు, వణుకు లేదు. కూరగాయల ధరలు చెప్పినంత మామూలుగా చెప్పుకుంటూ వస్తుంది. పదాల చివర హల్లుల్ని మాత్రం కత్తిరించినట్టు పలుకుతుంది, కోపమంతా అక్కడే దాచింది.

ఫిబ్రవరి 23

‘నాన్సీ విల్సన్ / క్యానన్‌బాల్ ఆడర్లీ’. 1961లో రికార్డు చేశారు. ఇది జాజ్ డబ్బాలోది, పద్నాలుగు డాలర్లకీ న్యాయం చేసింది.

దీని వెనక కథ నాకు బాగా నచ్చింది. కొలంబస్‌లో రస్టీ బ్రయంట్ బ్యాండుతో పాడుతున్న రోజుల్లో ఆల్టో శాక్సఫోన్ వాయించే ఈ క్యానన్‌బాల్ పెద్దమనిషితో ఆవిడకి పరిచయమైంది. 1959లో న్యూయార్క్ వెళ్లింది. ఆరు నెలలు చూద్దామని గడువు పెట్టుకుని వెళ్లింది, కోరికలు రెండు: మేనేజర్‌గా జాన్ లెవీ కావాలి, కంపెనీ క్యాపిటల్ కావాలి. వెళ్లిన నాలుగు వారాలకి అక్కడి బ్రాంక్స్ ప్రాంతంలోని బ్లూ మొరాకో అనే క్లబ్బులో ఐరీన్ రీడ్ అనే గాయని రాలేని రోజు ఆవిడ బదులు పాడమన్నారు. తర్వాత వారానికి నాలుగు రాత్రులు అక్కడే. పగలు న్యూయార్క్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో సెక్రటరీ ఉద్యోగం. లెవీ వచ్చి విన్నాడు, కొన్ని పాటలు డెమోగా రికార్డు చేయించి క్యాపిటల్‌కి పంపించాడు. అందులో నా ముల్లు గాడి దాటిన పాట కూడా ఉంది! తొందర్లోనే సంతకాలు అయిపోయాయి. పెట్టె సర్దుకుని కొత్త ఊరికి వచ్చినవాళ్లం ఆ ఆరు నెలల లెక్క అర్థం చేసుకోగలం.

ఇక రికార్డు. ఆర్కెస్ట్రా ఆడంబరం ఏమీ లేదు, ఐదుగురే వాయించారు: క్యానన్‌బాల్, కార్నెట్ (చిన్న బాకా) మీద తమ్ముడు నాట్, పియానో జో జవినుల్, బేస్ శామ్ జోన్స్, డ్రమ్స్ లూయీ హేస్. దాదాపు సగం పాటలే ఆవిడవి, మిగతావి వాద్యం మాత్రమే. ‘సేవ్ యువర్ లవ్ ఫర్ మీ’ని ఈ వారంలో పన్నెండుసార్లు విన్నాను. శాక్సఫోన్ ఆవిడ వాక్యం పూర్తయ్యేదాకా ఆగుతుంది. ఆ ఖాళీలో చిన్న జవాబిచ్చి తప్పుకుంటుంది. కచేరీలో పాటకి వయొలిన్ ఇచ్చే ఆసరా లాంటిది, కాకపోతే ఇక్కడ వెంటపడటం ఉండదు, ఎదురుగా కూర్చుని మాట్లాడుకోవడమే.

సాంకేతికం: ప్రతి వైపు చివర్లో శబ్దం కొంచెం గరగరలాడుతోంది. ముల్లు తప్పు కాదు. రికార్డు అంచున గాడి సెకనుకి 50 సెంటీమీటర్లు పరుగెడితే, లేబుల్ దగ్గరికొచ్చేసరికి అది 21కి పడిపోతుంది. అంతే సంగీతాన్ని అంత ఇరుకులో కుక్కాలి. ముల్లు కోణం కాగితం కొలబద్ద పెట్టి మళ్లీ సరిచేస్తే సగం తగ్గింది.

ఏప్రిల్ 6

కంప్యూటర్లోకి ఎక్కించడం మొదలైంది. ఆడాసిటీ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో 24 బిట్, 96 కిలోహెర్ట్జ్‌తో చేస్తే నిమిషానికి 35 ఎంబీ పట్టింది, నలభై నిమిషాల రికార్డుకి 1.4 జీబీ. రెండు ఆల్బమ్‌ల తర్వాత 48 కిలోహెర్ట్జ్‌కి దిగాను, నా చెవులకి తేడా తెలియలేదు. ఎంత గట్టి చోటైనా మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా పెట్టుకుంటే చాలు.

కొనేవాళ్లకి ఒక మాట. క్యాపిటల్ నంబర్ ముందు ‘టి’ ఉంటే మోనో, ‘ఎస్‌టి’ ఉంటే స్టీరియో. ‘డిటి’ అంటే మోనోని సాగదీసి చేసిన దొంగ స్టీరియో, దాని జోలికి పోకండి. మోనో రికార్డులు చవగ్గా దొరుకుతాయి. వాటిని ఎక్కించాక రెండు ఛానళ్లనీ కలిపి ఒకటి చేస్తే చిటపటలు చాలావరకు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. మూడు డాలర్ల డబ్బాలోది అలాగే బతికింది.

ఏప్రిల్ 27

‘హౌ గ్లాడ్ ఐ యామ్’, 1964. సోల్ డబ్బాలోది. ఇందులో అదే పేరుతో ఉన్న పాట బిల్‌బోర్డ్ పాప్ పట్టికలో 11 దాకా వెళ్లింది, తర్వాతి ఏడాది ఆర్ అండ్ బి (రిథమ్ అండ్ బ్లూస్) విభాగంలో గ్రామీ అవార్డు తెచ్చింది. వెనక కోరస్, చప్పట్ల ఊపు, చర్చి వాసన. చిన్నప్పుడు చర్చిలో పాడిన పిల్ల కదా, ఎక్కడో దాచుకున్నది బయటికొచ్చింది. కానీ ఇక్కడ కూడా మాట మింగదు. తోటి సోల్ గాయనులు అరిచే చోట ఆవిడ అరుపుకి ఒక గజం ఇవతల ఆగుతుంది.

తనని జాజ్ గాయని అంటే ఒప్పుకునేది కాదట, ‘సాంగ్ స్టైలిస్ట్’ అనేది. మొదట ఇదేదో పబ్లిసిటీ మాట అనుకున్నాను. పది రికార్డులు విన్నాక ఆవిడదే సరైన లెక్క అనిపిస్తోంది. వాద్యాలు మారుతున్నాయి గానీ ఆవిడ చేసే పని మారట్లేదు, ఎదుటి మనిషికి సంగతి చెప్పడం. డబ్బాలు వాద్యాల్ని బట్టి పెట్టారు.

జూలై 13

పరువు పోయే పని. ‘టుడే, టుమారో, ఫరెవర్’ కొని కారు వెనక సీట్లో పెట్టి ఒక పుట్టినరోజు పార్టీకి వెళ్లాను. మూడు గంటల ఎండ. తిరిగొచ్చి చూస్తే రికార్డు నూనెలో వేసిన అప్పడంలా లేచింది. రెండు గాజు పలకల మధ్య పెట్టి, పైన పిల్లల ఎన్‌సైక్లోపీడియాలు పేర్చి మూడు వారాలు ఉంచాలని ప్లాన్. ఓవెన్లో వేడిచేయమని కొందరు సలహా ఇస్తారు, వద్దు.

ఆగస్టు 3

అప్పడం సగమే దిగింది. మొదటి పాట తప్ప మిగతావి ఆడుతున్నాయి.

మధ్య కాలం తొందరగా దాటేస్తున్నాను. సొంత టీవీ షో ఒకటి, దానికి ఎమ్మీ (అమెరికాలో టీవీకి ఇచ్చే అవార్డు). 70ల రికార్డులు మూడు విన్నాను, తీగ వాద్యాలు మరీ బరువు, నాకు ఎక్కలేదు. 80ల్లో మాత్రం ఆసక్తికరమైన మలుపు ఉంది. ఆవిడకి వాద్యబృందంతో కలిసి ఒకేసారి పాడటం ఇష్టం. అమెరికా కంపెనీలు ఆ అవకాశం సరిగా ఇవ్వకపోతే జపాన్ కంపెనీలకి ఐదు ఆల్బమ్‌లు చేసింది. అవి ఇక్కడ నా పదిహేను డాలర్లలో రావు.

‘ఆర్.ఎస్.వి.పి.’ సీడీ లైబ్రరీ నుంచి తెచ్చాను. దానికి 2005లో గ్రామీ, ఈసారి జాజ్ గానం విభాగంలో. మొదటి గ్రామీకీ దీనికీ మధ్య నలభై ఏళ్లు. 2007లో ‘టర్న్‌డ్ టు బ్లూ’కి ఇంకొకటి. గొంతు కింది స్వరాలకి దిగింది, ఊపిరి తొందరగా అయిపోతోంది, వాక్యాన్ని అందుకు తగ్గట్టు కత్తిరించుకుంటోంది. చివరి కచేరీ 2011 సెప్టెంబర్ 10న, ఒహాయోలోనే, ఏథెన్స్‌లోని యూనివర్సిటీలో. ఇక్కణ్ణుంచి గంటన్నర లోపు. అప్పటికి నేను ఈ దేశమే రాలేదు. 2018 డిసెంబర్‌లో పోయింది.

ఆగస్టు 24

పది రెట్లు పెద్దగా చూపే భూతద్దం కొన్నాను, తొమ్మిది డాలర్లు. ఫిబ్రవరి నాటి ఆ గాడి దగ్గర చూస్తే, గీత కాదు! గాడిలో ఆవగింజలో పదో వంతు తెల్లటి బొడిపె, ఎవరి ఇంట్లోనో అరవై ఏళ్ల కింద ఒలికిన షర్బత్ కావచ్చు. దానిమీద డిస్టిల్డ్ వాటర్ చుక్క వేసి పది నిమిషాలు నాననిచ్చాను. చెక్క టూత్‌పిక్ మొన నమిలి మెత్తన చేసి, గాడి వెంటే, బలం పెట్టకుండా నాలుగుసార్లు తోశాను. ఊడి వచ్చింది. ఇప్పుడు చిన్న టిక్ వినపడుతుంది గానీ ముల్లు ఆగదు.

సెప్టెంబర్ 7

ఖర్చు: పద్నాలుగు రికార్డులు 131 డాలర్లు. ముల్లు, త్రాసు, భూతద్దం, కొత్త లోపలి కవర్లు కలిపి 94. ఇంకా ఆరు మిగిలాయి.

అమ్మ వచ్చి వారమైంది. మధ్యాహ్నం చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ కూర్చుంది, నేను ‘గెస్ హూ ఐ సా టుడే’ ఉన్న ఆ రికార్డు పెట్టాను. అమ్మకి ఇంగ్లీషు అంతంత మాత్రం. కాసేపు విని, “ఎవర్రా ఈవిడ? ఒక్క మాట కూడా మింగట్లేదే” అంది. నాకు పది రికార్డులు పట్టింది ఆ సంగతి తెలియడానికి.

కథ చెప్పమంది. పాట వెనక్కి పెట్టి ఒక్కో వాక్యం తెలుగులో చెబుతూ వచ్చాను. రైలు, వాన, బజారు, కఫే, బార్ దగ్గర జంట. అమ్మ చేతిలో చిక్కుడుకాయ ఆగింది. టిక్. ముల్లు దాటి వెళ్లింది. “నిన్నే చూశాను అందమ్మా.”

“అనుకున్నా” అంది అమ్మ. తర్వాత, “మరి ఆయనేమన్నాడు?”

ఏమీ అనడు, పాట అక్కడితో అయిపోతుంది అన్నాను.

“రేపొద్దున అంటాడులే. ఆ రెండో వైపు తిప్పు.”