మా డాబా మీది బంగాళదుంపలకి స్కాబ్ ఎందుకొచ్చిందో తెలిసేసరికి

మట్టి పరీక్ష రిపోర్టు ఇవాళే చేతికొచ్చింది. కడుపుమంట చల్లారకముందే రాసేస్తున్నాను.

మధురవాడలో మా డాబా మీద గ్రో బ్యాగుల్లో కార్తీకంలో వేసిన బంగాళదుంపల్ని సంక్రాంతి దాటాక తవ్వాం. దుంపలు బాగానే ఊరాయి. కానీ తొక్క మీద గోధుమరంగు పొక్కులు, బెరడులా గరుకుగా ఉన్నాయి. ఈ పొక్కుల తెగులునే స్కాబ్ అంటారు. గోటితో గీకితే పొడి రాలి చిన్న గుంట పడుతోంది. కోసి చూస్తే లోపల తెల్లగా, శుభ్రంగా ఉంది. పురుగుమందుల దుకాణంవాడు దుంపని సరిగ్గా చూడకుండానే బూజు మందు డబ్బా ముందు పెట్టాడు. తీసుకోలేదు.

నన్ను అందరి ముందూ నిలబెట్టి అవమానించింది మాత్రం మట్టి పరీక్ష కౌంటర్. "పట్టాదారు పాస్ పుస్తకం ఏది మేడమ్?" అన్నాడు. డాబా మీది మట్టండీ అన్నాను. "అయితే సర్వే నంబరు చెప్పండి." డాబాకి సర్వే నంబరు ఎక్కణ్ణుంచి తేను? పక్క సీటాయనతో "కూరకి సరిపడా దుంపల కోసం ల్యాబు కావాలంట" అని నవ్వాడు. వరుసలో ఉన్నవాళ్ళంతా నా వైపే చూశారు. టెన్షన్‌కి నోట మాట రాలేదు. నాలుగు బ్యాగుల్లో పండించినా పంట పంటే. మట్టి గురించి అడిగిన మనిషిని నవ్వి పంపే హక్కు ఏ ఉద్యోగికీ లేదు.

నా వెనక ఆనందపురం నుంచి వచ్చిన పెద్దాయన ఒకరున్నారు. నా సంచిలోంచి దుంప తీసి, బొటనవేలితో పొక్కుని రుద్ది చూసి, "బూడిదేసారేటమ్మా? దుంప కట్టినప్పుడు నీళ్ళు ఆపేసారేటి?" అన్నారు. రెండూ నిజమే, రెండూ నర్సరీవాడి పుణ్యమే! మట్టి మిశ్రమంలో సున్నం, కట్టెల బూడిద దండిగా కలిపి అమ్మాడు. పైగా నీళ్ళెక్కువైతే దుంప కుళ్ళిపోతుంది, తగ్గించండి అన్నాడు. ఆ పెద్దాయనే కౌంటర్ వాడితో "తీసుకో బాబూ, మట్టి మట్టే కదా" అని నా కవరు లోపలికి పంపించారు. ఆయనకి దణ్ణం పెట్టి వచ్చాను.

రిపోర్టులో పీహెచ్, అంటే మట్టి ఆమ్లమో క్షారమో చెప్పే అంకె, 7.8 వచ్చింది. 7 దాటితే క్షారం, తగ్గితే ఆమ్లం. స్కాబ్‌కి కారణం స్ట్రెప్టోమైసిస్ అనే బ్యాక్టీరియా, బూజు కాదు. మట్టి పీహెచ్ 5.2 కంటే తక్కువుంటే అది పెద్దగా విజృంభించదు. సున్నం, బూడిద ఆ పీహెచ్‌ని పైకి తోస్తాయి. దుంప కట్టడం మొదలైన తొలి వారాల్లో మట్టి ఎండితే, లేత తొక్క మీది సన్నని రంధ్రాల్లోంచి అది లోపలికి దిగుతుంది. మట్టి తడిగా ఉంటే వేరే సూక్ష్మజీవులు దానికి పోటీ వస్తాయి. తెగులున్న విత్తన దుంపతోనూ వస్తుంది. అందుకే బజారు దుంప నాటకండి. నాటేముందు 3 శాతం బోరిక్ యాసిడ్ నీళ్ళలో అరగంట ముంచి, నీడలో ఆరబెట్టండి. పచ్చి పేడ అసలు వద్దు. గంధకం కలిపితే పీహెచ్ దిగుతుంది కానీ దానికి నెలలు పడుతుంది, ఇప్పుడే కలపాలి.

పండిన దుంపల్ని పారేయకండి, తొక్క మందంగా తీసి వండుకోవచ్చు. మా ఇంట్లో రోజూ వేపుడే. ఆ బ్యాగుల్లో ప్రస్తుతానికి తోటకూర చల్లాను. ముల్లంగి, బీట్‌రూట్, క్యారెట్ మాత్రం వాటిలో వేయను, వాటికీ స్కాబ్ పడుతుంది.