బంగారం కాంటా మీద సీసం గుండ్లు

మావాడు ఇంటర్ మొదటి సంవత్సరం. పది మీటర్ల ఎయిర్ రైఫిల్ నేర్చుకుంటానని పట్టుబట్టాడు. రైఫిల్ కొనడం ఒక పూట పని. గొట్టం లోపలి వెడల్పు 4.5 మి.మీ. దాటకుండా, గుండు శక్తి 20 జౌల్స్ లోపు ఉంటే లైసెన్సు అక్కర్లేదు. ఆధార్ జిరాక్సు ఇచ్చి స్ప్రింగు రకం ఒకటి తెచ్చుకున్నాం. హనుమకొండలో మా ఇంటి వెనక పొడుగాటి రేకుల షెడ్డుంది. గోడకు ఇసుక బస్తాలు పేర్చాం. రేంజి సిద్ధం.

గొడవంతా పెల్లెట్ల దగ్గర, అంటే అందులో వేసే సీసం గుండ్ల దగ్గర మొదలైంది.

అమెరికాలో పొలాల్లో పడే చిన్న జంతువులను కొట్టే వాళ్ల వీడియోలు నేను రాత్రిళ్లు చూస్తుంటా. వాళ్లు .223 అనే మందుగుండు రైఫిల్‌కి తూటాలు తామే తయారు చేసుకుంటూ 40 గ్రెయిన్లదా (గ్రెయిన్ అంటే తూటాల బరువు లెక్క), 55దా అని గంటలకొద్దీ కొట్లాడుకుంటారు. బరువైనది గాలికి పక్కకు పోదట. ఆ మాట నా బుర్రలో పడింది. హైదరాబాద్ దుకాణానికి ఫోన్ చేస్తే అతనూ "హెవీ తీసుకోండి సార్, పవర్ ఎక్కువ" అన్నాడు. 10.5 గ్రెయిన్ల డబ్బా తెప్పించా. నాలుగు గోడల మధ్య షెడ్డులో గాలెక్కడిదని నేనూ అనుకోలేదు, అతనూ చెప్పలేదు. బరువు పెరిగితే వేగం తగ్గుతుంది గానీ పవర్ ఎక్కణ్ణుంచి వస్తుంది? అది స్ప్రింగు ఇచ్చినంతే. గుండ్లు సెంటీమీటరు కిందికి దిగడమే కాదు, అరచేతి వెడల్పున చెల్లాచెదురయ్యాయి. పిల్లాడు తన చెయ్యే బాగాలేదనుకుని రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు.

తర్వాత చవక డబ్బా ఒకటి కొన్నా. మూత మీద 0.53 గ్రాములని ఉంది. ఒక గుండు నడిమధ్యన, పక్కది ఎక్కడో. బరువులు సమానంగా లేవేమోనని అనుమానం వచ్చింది. వంటింటి కాంటాకి ఇంత చిన్న తేడా ఎక్కడ తెలుస్తుంది? చౌరస్తా దగ్గర మాకు తెలిసిన బంగారం దుకాణానికి ఇరవై గుండ్లు కాగితంలో చుట్టుకుని పోయా.

కౌంటర్లో కుర్రాడు మంచివాడు. అద్దాల పెట్టెలో ఉన్న కాంటా మీద చిమటాతో ఒక్కోటి పెట్టాడు. 0.531. 0.508. 0.517. 0.540. నేను చీటీ మీద రాసుకుంటున్నా. గ్రెయిన్ అంటే ఎంతని అడిగితే "గురిగింజ ఎత్తులో సగం" అని చెప్పా. నవ్వాడు. ఏడోది పెడుతుండగా లోపలి నుంచి వాళ్ల నాన్న వచ్చాడు.

"గివేంది?"

"సీసం గుండ్లు, కాకా."

అంతే. "బంగారం తూచే పళ్లెంల సీసం పెడ్తవా? అణువంత అంటుకున్నా బంగారం పెళుసైతది, సుత్తె దెబ్బకు పగుల్తది! ఇంత సదువుకున్నవ్, గది తెల్వదా సారూ?" పుస్తెలు తూకం వేయించుకోవడానికి కూర్చున్న ఆమె తన పొట్లం ఒళ్లోకి లాక్కుంది. నా చేతికి గుడ్డ ఇచ్చి పళ్లెం మూడుసార్లు తుడిపించాడు. కౌంటరు మీద పరిచిన ఎర్ర గుడ్డ తీసి బయట దులిపించాడు, అదీ నాతోనే. ఇరవై ఏళ్లుగా పాఠాలు చెప్తున్న వాణ్ణి, నా పాత స్టూడెంటు ఒకడు మెట్ల మీద నిలబడి అంతా చూశాడు.

ముసలాయన అన్నది నిజమే, బంగారానికి సీసం పడదు. కానీ నెమ్మదిగా చెప్పొచ్చు కదా!

మిల్లీగ్రాము చూపించే చిన్న కాంటా 1,800 పెట్టి ఆన్‌లైన్లో కొన్నా. పోటీల్లో వాడే రకం, మూతి చపటగా ఉండే 8.2 గ్రెయిన్ల డబ్బా తెప్పించి తూచా. యాభైలో రెండే బరువు తేడా వచ్చాయి. చపట మూతి కాగితానికి గుండ్రటి బొక్క పెడుతుంది, గుండ్రటి మూతి చింపేస్తుంది. పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరే కాబట్టి చిరిగిన బొక్కతో లెక్క తేలదు. 7 గ్రెయిన్లవి కూడా వేసి చూశాం. మా రైఫిల్‌కి పడలేదు, స్ప్రింగు టపటపా కొట్టుకుంది. పక్కింటి రైఫిల్‌కి అవే నచ్చొచ్చు, కొని కాల్చి చూడాల్సిందే. అమ్మేవాడి మాట మాత్రం వినకండి. సీసం గుండ్లు పట్టుకున్నాక చేతులు సబ్బుతో కడుక్కోండి.

నిన్న సాయంత్రం మావాడు దిండు మీద ఆనించి అయిదు వేశాడు. అయిదూ కలిపి చింతగింజ కింద దాగుతాయి. ఆ కాగితం ఫ్రిజ్ మీద అంటించా, వచ్చిన వాళ్లందరికీ చూపిస్తున్నా.

మొన్న మా ఆవిడ మెట్టెలు మార్పించడానికి అదే దుకాణానికి పోయింది. నేను బయట బండి మీదే కూర్చున్నా.