గొలగమూడి నిద్ర, 21 గ్రాముల మాట

నెల్లూరు వైపు ‘గొలగమూడిలో నిద్ర చేసి వస్తాం’ అంటే ఎందుకని ఎవరూ అడగరు. వెంకటాచలం మండలంలోని ఆ ఊరిలో భగవాన్ శ్రీ వెంకయ్యస్వామి 1982 ఆగస్టు 24న సమాధి చెందారు. శనివారం రాత్రి ఆయన సన్నిధిలో పడుకుంటే మన మొర స్వామి చెవిన పడుతుందని భక్తుల నమ్మకం. దేహం పోయినా ఆయన పోలేదన్నదే ఆ నమ్మకానికి ఆధారం. కాలేజీలో జంతుశాస్త్రం చెప్పే నాకు సరిగ్గా అక్కడే అభ్యంతరం. అయినా, మామయ్య పోయాక ఎక్కడికీ కదలని మా మేనత్త తనంతట తానే బయలుదేరుతానంటే, తోడు వెళ్లడానికి నా సిద్ధాంతాలు అడ్డం రాలేదు.

సాయంత్రానికి చేరుకుని, సమాధి మందిరంలో దర్శనం చేసుకుని, అన్నదానంలో భోజనం ముగించి, జనం మధ్య చోటు చూసుకుని చాప పరిచాం. ‘ఓం నారాయణ, ఆది నారాయణ’ అన్న నామం సాగుతూనే ఉంది. అత్త పడుకోలేదు. చెంగు వేళ్లకు చుట్టుకుంటూ, విప్పుతూ, ఉన్నట్టుండి అడిగింది: “మీ మామ ఇప్పుడు యాడున్నట్టురా?”

నేను జవాబు వెతుక్కుంటుండగా పక్క చాప మీది పెద్దాయన అందుకున్నారు. ఆయన రిటైరయిన మాస్టారు. “ఆత్మ ఉందని సైన్సే తేల్చిందమ్మా. మనిషి చనిపోయేటప్పుడు 21 గ్రాముల బరువు తగ్గుతుంది, అమెరికా డాక్టరు తూచి చూశాడు” అన్నారు. పాపం, ఓదార్పుగానే అన్నారు. కానీ నమ్మకానికి అరువు తెచ్చిన రుజువు తగిలించడం నాకు మొదటినుంచీ గిట్టదు; అది నమ్మకానికీ మర్యాద కాదు, సైన్సుకూ మర్యాద కాదు. అందుకే జరిగినదేమిటో చెప్పాను.

డంకన్ మెక్‌డూగల్ అనే ఆ వైద్యుడు మరణశయ్య మీదున్న ఆరుగురిని, మంచంతో సహా పెద్ద కాటా మీద ఉంచి తూచాడు. 1907లో ఫలితాలు ప్రకటించాడు. ఆరింటిలో రెండింటిని లెక్కలోకి రావని తానే పక్కన పెట్టాడు. మిగిలిన నాలుగూ ఒకదానితో ఒకటి పొసగలేదు. లోకమంతా చెప్పుకునే ముప్పావు ఔన్సు, అంటే సుమారు 21 గ్రాములు, మొదటి రోగి ఒక్కడి విషయంలో కనిపించిన తగ్గుదల. తరువాత పదిహేను కుక్కలను తూచి, వాటి బరువు తగ్గలేదు కాబట్టి వాటికి ఆత్మ లేదన్నాడు. అగస్టస్ క్లార్క్ అనే మరో వైద్యుడు వెంటనే ఆక్షేపించాడు: ఊపిరి ఆగితే రక్తాన్ని చల్లబరిచే గాలి ఉండదు, ఒళ్లు కాసేపు వేడెక్కి చెమట ఆవిరవుతుంది, కుక్కలకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు కాబట్టి వాటి బరువు తగ్గకపోవడంలో వింత లేదు.

అత్త చటుక్కున “అంటే తరుగు” అంది. స్టోన్‌హౌస్‌పేటలో మామయ్య బియ్యం కొట్టు ఆమె చేతుల మీదుగానే నడిచింది. మొలగొలుకుల బస్తా దించిన రోజున్న తూకం నెల తరువాత ఉండదని, తడి ఆరిన కొద్దీ కాటా తేలుతుందని ఆమెకు ఒకరు చెప్పక్కర్లేదు. “దానికి ఆత్మ అని పేరు పెడితే మా కొట్లో రోజూ ఎన్ని ఆత్మలు పోయుండాలి?” అనగానే మాస్టారు కూడా నవ్వేశారు. ఆ ఒక్క మాటతో నా ఉపన్యాసం సగం అనవసరమైపోయింది. అయినా కత్తి కోయలేనిది, నిప్పు కాల్చలేనిది, నీరు తడపలేనిది, గాలి ఆరబెట్టలేనిది అని గీత వర్ణించిన వస్తువు కాటా మీద ముల్లును కదిలిస్తుందనుకోవడం శాస్త్రం మాట అటుంచి, భక్తుడికైనా ఎలా నచ్చుతుందో నాకు అర్థం కాదు.

మాస్టారు అంత తేలిగ్గా వదలలేదు. గుండె ఆగి తిరిగి బతికినవాళ్లు పైనుంచి తమ దేహాన్ని చూశామంటారు కదా, అదేమిటన్నారు. మంచి ప్రశ్న, దాన్ని పరీక్షించినవాళ్లూ ఉన్నారు. శామ్ పర్నియా అనే వైద్యుడి బృందం 2014లో ప్రచురించిన అధ్యయనం కోసం పదిహేను ఆసుపత్రులలో, పైనుంచి చూస్తే తప్ప కనబడని బొమ్మలను ఎత్తయిన అరల మీద ఉంచారు. రెండు వేలకు పైగా గుండె ఆగిన సందర్భాలు నమోదు కాగా, బతికి మాట్లాడగలిగిన 140 మందిని ప్రశ్నించారు. చూసిందీ విన్నదీ స్పష్టంగా గుర్తుందన్నవారు ఇద్దరే, ఆ ఇద్దరికీ గుండె ఆగిన చోట అరలే లేవు. కనుక ఆ పరీక్ష ఎటూ తేల్చలేదు. మరోవైపు 2002లో స్విట్జర్లాండులో ఓలాఫ్ బ్లాంకే అనే నరాల వైద్యుడి బృందం ఒక మూర్ఛరోగి మెదడులో కుడివైపు ఒక చోట స్వల్పంగా విద్యుత్తు పంపితే, ఆమె తాను పైకి తేలి మంచం మీది తన దేహాన్నే చూస్తున్నట్టు చెప్పింది. ఆ అనుభవం అబద్ధం కాదు, అయితే అది కలగడానికి ప్రాణం బయటికి పోనక్కర్లేదు.

ఇంతవరకూ నా వాదం బలంగానే ఉంది. అప్పుడు అత్త అసలు సంగతి బయటపెట్టింది. పక్షవాతం వచ్చాక చివరి నెలల్లో మామయ్య ఆమెను “ఎవరమ్మా నువ్వు” అని అడిగేవాడు. “మనిషి ఎదురుగా ఉండగానే నన్ను మరిచిపోయినోడు, పోయినాక గుర్తు పెట్టుకోనుంటాడా?”

దీనికి మాస్టారు దగ్గరా మాట లేదు. మెదడులో రక్తనాళం మూసుకుపోతే జ్ఞాపకం పోతుందని సైన్సు చెబుతుంది. విచిత్రమేమిటంటే వేదాంతం కూడా ఆమెకు పెద్దగా సాయపడదు. జ్ఞాపకం, మనసు, బుద్ధి సూక్ష్మశరీరానివే గానీ ఆత్మవి కావని అది ముందే తేల్చింది. బృహదారణ్యక ఉపనిషత్తులో, మనిషి పోయాక సంజ్ఞ, అంటే ఎరుక, ఉండదని యాజ్ఞవల్క్యుడు అంటే ఆయన భార్య మైత్రేయి అంతటిదే తికమకపడింది. కఠోపనిషత్తులో నచికేతుడు, చనిపోయాక మనిషి ఉంటాడా లేడా అని యముణ్ణి సూటిగా అడిగితే, దేవతలకే సందేహమున్న విషయమిది, వేరే వరం కోరుకోమని ఆయన మొదట తప్పించుకోజూశాడు. గ్రంథాలు నిలబెట్టిన ఆత్మకు పేరు లేదు, కొట్టు లేదు, భార్య లేదు. అత్తకు కావలసింది ఖాతా పుస్తకం ముందు కూర్చుని కళ్లజోడు మీదుగా చూసే మామయ్య. ఆత్మ ఉందా లేదా అని మేం ఎంత వాదించుకున్నా, ఆమె అడిగిన మనిషి ఆ వాదంలో ఎక్కడా లేడు.

అలాగని సైన్సు అంతా తేల్చేసిందని నేననను. నరాల్లో పరుగెత్తే విద్యుత్తు లోపల ఒక అనుభవంగా ఎందుకు తోస్తుందన్నది ఇప్పటికీ విడని చిక్కే. అయితే ఆ ఖాళీలో ఎవరికి నచ్చింది వారు నింపుకోవడాన్ని రుజువు అనకూడదు. ప్రకాశం జిల్లా చందవరంలో గుండ్లకమ్మ ఒడ్డున బౌద్ధుల మహాస్తూపం ఉంది. నిత్యమైన ఆత్మ లేదని చెప్పినవాళ్లే అలాంటి స్తూపాలకు ప్రదక్షిణాలు చేశారు. కాబట్టి యాత్రకు ఆత్మ తప్పనిసరి కాదేమో.

తెల్లవారి బస్సులో, రాత్రి స్వామిని ఏమడిగావని అత్తను అడిగాను. మామయ్య గురించేనని నా ఊహ.

“ఆయన్ని గురించి ఏం అడగలా. నేను పొయ్యేదాకా నా మతి నాకుండాలని అడిగినా. మీ పిల్లల పేర్లన్నా మరిచిపోకూడదు గదా. నువ్వేమో అదంతా మెదడులోనే ఉందంటివి. అయితే నరాల డాక్టరు దగ్గరికి కూడా ఒకసారి తీసకపో” అంది.