నీళ్లు కావాలా?

దాహం వేస్తే మావాడు "నీళ్లు కావాలా?" అంటాడు. మేం వాడిని ఎలా అడుగుతామో, వాడూ అలాగే అడుగుతాడు. ఇంట్లో మాకు అలవాటైపోయింది. ఎల్‌కేజీలో వేశాక నీళ్ల సీసా రోజూ నిండుగా తిరిగొస్తుంటే మాత్రం సంగతేంటో వెంటనే తట్టలేదు. వాడు టీచర్ దగ్గరికెళ్లి "నీళ్లు కావాలా?" అంటే ఆవిడ నవ్వి "వద్దు నాన్నా" అనేవారట.

తప్పు నాదే. ఆటిజం అని ఫారంలో రాయలేదు. అంతకుముందు నిజం చెప్పిన రెండు స్కూళ్లలో ఒకచోట సీట్లు లేవన్నారు, ఇంకోచోట స్పెషల్ టీచర్ లేరన్నారు. అందుకే మూడోచోట "మాటలు కాస్త ఆలస్యం" అని సరిపెట్టాను. నలభై రోజులు నడిచింది. ప్రార్థన స్పీకర్ మోగగానే వాడు చెవులు మూసుకుని గేటు వైపు పరుగు. చివరికి పిలిచి ఇంకో స్కూలు చూసుకోమన్నారు. పోతూపోతూ ఒక సలహా కూడా: ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడండి, రెండు భాషలైతే తికమకపడతాడు. స్పీచ్ థెరపిస్టుకు చెబితే ఆవిడ కొట్టిపారేశారు. మీకు మనసారా వచ్చే భాషలోనే మాట్లాడండి, వాడికి ముందు మాటలు దొరకాలి కదా అన్నారు.

నిజానికి అనుమానం వాడికి రెండున్నరేళ్లప్పుడే వచ్చింది. పిలిస్తే తిరిగి చూడడు. స్టాండులోని చెప్పులన్నీ తీసి వరండా పొడుగునా వరస పెట్టేవాడు, ఒక్కటి కదిలినా ఏడుపే. "వాళ్ల నాన్నకీ నాలుగేళ్లకే మాటలొచ్చాయమ్మా" అనేవారు అత్తయ్య. ఆ మాట పట్టుకుని ఎనిమిది నెలలు పోగొట్టాను. మేముండేది అల్వాల్‌లో. మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం కేంద్రం నడిపే ఎన్ఐఈపీఐడీ సంస్థ బోయినపల్లి మనోవికాస్ నగర్‌లోనే, మాకు దగ్గరే. అయినా వెళ్లడానికి అన్ని నెలలు పట్టింది! అక్కడ ఆటిజం ఎంతుందో కొలిచే ఐసా అనే స్కేలుతో చూశారు. 40 అంశాలు, ఒక్కోదానికి 1 నుంచి 5 మార్కులు, 70 నుంచి ఆటిజం కింద లెక్క. మావాడికి 98 వచ్చింది, అంటే మైల్డ్. ఆ మైల్డ్ అన్న ముక్క వినే ఫారంలో దాచొచ్చనుకున్నాను.

2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఆటిజం ఉంది. ప్రభుత్వ గుర్తింపు ఉన్న స్కూలు ఏదైనా వివక్ష లేకుండా చేర్చుకోవాలి. ఆ కాగితం ప్రింటు తీసి బ్యాగులో పెట్టుకున్నానుగానీ ఎక్కడా బయటికి తీయలేదు. దబాయించి చేర్పిస్తే లోపల వాడిని ఎవరు చూసుకుంటారన్న భయం. అది సరైన పనేనా అంటే, ఇప్పటికీ తేల్చుకోలేదు.

నాలుగో స్కూలు మా వీధి చివరే, చిన్నది. ఈసారి ఒక పేజీ రాసి తీసుకెళ్లాను. కావాలనే తెలుగులో. "నీళ్లు కావాలా అంటే వాడికే కావాలని. స్పీకర్ మోగే ముందు తలుపు దగ్గర నిలబెట్టండి. ఏడిస్తే ఎత్తుకోవద్దు, పక్కన కూర్చోండి చాలు." ప్రిన్సిపల్ మేడమ్ చదివి క్లాసు ఆయమ్మను పిలిచి ఆమె చేతికిచ్చారు. ఆమె నిలబడే మొత్తం చదివి, "మరి ఒంటేలుకు ఎట్ల అడుగుతడు మేడమ్?" అంది.

అది రాయనేలేదు! నిక్కరు పట్టుకుని గోడ వైపు తిరుగుతాడని చెప్పాను. ఆయమ్మ నా పెన్ను తీసుకుని కింద తనే రాసుకుంది.

ఇప్పుడు యూకేజీ. సీసా ఖాళీగా వస్తోంది. దసరా సెలవుల ముందు ఒకరోజు "ఆయమ్మా, నీళ్లు కావాలి" అన్నాడట. ఇంట్లో మాతో మాత్రం ఇంకా "కావాలా?"నే. వచ్చే ఏడు ఒకటో తరగతి పై అంతస్తులో. ఆయమ్మ డ్యూటీ మాత్రం కిందే. మేడమ్‌ను ఈ వారంలో కలవాలి.