ఉదయగిరి కొండెక్కితే

చాలా ఏళ్ల కిందట హంపిలో కృష్ణాలయం చూశాను. గర్భగుడి ఖాళీ. "విగ్రహం ఉదయగిరిది సార్, ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది" అని గైడు ఒక్క ముక్కలో తేల్చేసి ముందుకు నడిచాడు. ఆ మాట అలా మనసులో ఉండిపోయింది. మొన్న జనవరిలో బావా నేనూ నెల్లూరు నుంచి ఆత్మకూరు మీదుగా ఉదయగిరి వెళ్లాం.

మా చేతిలో రెండు నీళ్ల సీసాలు చూసి కొండ కింద సోడాల అతను "చాలవు సార్, ఇంకో రెండు పట్టండి" అన్నాడు. బేరం కోసం అంటున్నాడులే అని బావ నవ్వాడు. సగం ఎక్కేసరికి ఒక సీసా అయిపోయింది. మాటలు కూడా తగ్గిపోయాయి.

ఈ కొండ కోసం విజయనగరానికీ ఒడిశా గజపతులకూ రెండు తరాల పగ. విజయనగర రాజు సాళువ నరసింహరాయలు ఇక్కడే గజపతులకు చిక్కి, కోట వదులుకుని బయటపడ్డాడు. ఉదయగిరి, కొండవీడు, రాయచూరు ఎలాగైనా గెలవాలని చనిపోతూ చెప్పిపోయాడట. 1513లో కృష్ణదేవరాయలు వచ్చి ముట్టడి వేశాడు. పోర్చుగీసు గుర్రాల వర్తకుడు నూనిజ్ లెక్క ప్రకారం రాయల వైపు 34,000 కాల్బలం, కోటలో 10,000 మందే. అంతకు మించి అక్కర్లేదట, ఆకలితో మాడిస్తే తప్ప ఈ కోట లొంగదట. బండలు పగలగొట్టి దారులు వేసినా ఏడాదిన్నర పట్టింది. ఒడిశా రాజు ప్రతాపరుద్ర గజపతి పిన్నత్తో మేనత్తో ఒకావిడ కూడా చిక్కింది. ఆమెను మర్యాదగానే చూసుకున్నారని నూనిజే రాశాడు.

పైనుంచి చూస్తే ఏ వైపు నుంచి ఎవరొచ్చినా తెలిసిపోతుంది. కూలిన గోడ నీడలో కూర్చుని లెక్కేసుకున్నాను: నాకు ఒక పూట నీళ్లకే ఇంత టెన్షన్, వాళ్లకు ఏడాదిన్నర!

గెలిచాక రాయలు ఇక్కడి బాలకృష్ణుణ్ణి హంపికి తీసుకెళ్లి, 1515లో గుడి కట్టి నిలిపాడు. అదే ఏడు కొండవీడూ పడింది, గజపతి కొడుకు వీరభద్రుడు బందీ అయ్యాడు. చివరికి గజపతి కూతుర్నిచ్చి సంధి చేసుకుంటే, కృష్ణకు ఉత్తరాన గెలిచినదంతా రాయలు తిరిగిచ్చేశాడు. దేవుణ్ణి మాత్రం ఇవ్వలేదు.

కిందికి దిగాక బావ ఏమీ మాట్లాడకుండా రెండు నిమ్మసోడాలు తాగాడు. సోడాల అతను నవ్వలేదు, అది అతని మంచితనం.